ఓకే అనక తప్పదు

నివేదిక పూర్తిచేసి సేవ్ నొక్కానో లేదో, తెర నడిమధ్య ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమై, ఎర్రటి వృత్తంలో తెల్లటి ఇంటూ గుర్తు పక్కన ‘అనుకోని లోపం సంభవించింది’ అని విన్నవించుకుంది. దాని అడుగున ఉన్నది ఓకే అనే బటన్ ఒక్కటే. జరిగిపోయిన అనర్థానికి మన అంగీకారం అడగడమే విడ్డూరం. కాదనే దారి లేకుండా అడగడం మరీ విడ్డూరం. పెట్టె వెనక నివేదిక కంటికి కనిపిస్తూనే ఉంటుంది గానీ, ఓకే అనేదాకా అందులో ఒక్క వాక్యాన్నయినా కాపీ చేసుకోనివ్వదు.

‘వివరాలు’ నొక్కితే 80004005 అనే సంఖ్య కనిపించింది. విండోస్ లెక్క ప్రకారం దీని అర్థం ‘ఇదీ అని చెప్పలేని లోపం’. ఇంతకన్నా ఉదారమైన ప్రోగ్రాములూ ఉన్నాయి. విండోస్‌లో 0 అంటే పని సవ్యంగా పూర్తయిందని. లోపం తలెత్తిన వెంటనే దాని సంఖ్యను అడిగి తెలుసుకోకుండా ప్రోగ్రామరు తాత్సారం చేస్తే, ఈలోగా జరిగిన మరో పని ఆ సంఖ్యను 0గా మార్చేయవచ్చు. అప్పుడు అదే ఎర్ర గుర్తు పక్కన ‘పని విజయవంతంగా పూర్తయింది’ అనే శుభవార్త వెలువడుతుంది.

డిస్కు నిండిపోయినా, ఫైలు మరో ప్రోగ్రాము చేతిలో ఉన్నా, సర్వరు పలకకపోయినా, అన్నింటినీ లోపాలను పట్టుకునే కోడు భాగమైన ఒకే క్యాచ్‌లో పట్టేసి, అన్ని రోగాలకూ ఒకే మాత్ర ఇచ్చినట్టు ఈ ఒక్క వాక్యం రాసి పెట్టారన్నమాట. అసలు కారణాన్ని లాగ్ ఫైలులో నమోదు చేసి, పత్రాన్ని వేరే పేరుతో భద్రపరచి, ఆ తరువాత మూతపడి ఉంటే ప్రోగ్రాముకు పుణ్యముండేది. లోపాన్ని గుట్టుచప్పుడు కాకుండా దిగమింగి, పాడైన పత్రాన్నే మంచి పత్రం మీద సేవ్ చేసే ఘనులతో పోలిస్తే ఇది కాస్త నయమే, నోరైనా విప్పింది.

చేసేదిలేక ఓకే నొక్కాను. ప్రోగ్రాము, దానితోపాటు నివేదిక అదృశ్యమై, ‘ఏం చేస్తుండగా ఇలా జరిగిందో వివరించండి’ అంటూ ఖాళీ గడితో ఇంకో విండో తెరుచుకుంది. కడుపులోని బాధంతా ఆ గడిలో వెళ్ళబోసుకుని ‘పంపు’ నొక్కాను. ఏ విండో అయినా 5 సెకన్ల పాటు ఉలుకూపలుకూ లేకుండా ఉంటే విండోస్ దాని పేరు పక్కన ‘స్పందించడం లేదు’ అని చేరుస్తుంది. ఆ గౌరవం దీనికీ దక్కింది. మూసేయాలా, స్పందించేవరకు వేచి ఉంటారా అని అడిగితే, వేచి ఉంటానన్నాను. పోయిన నివేదిక కంటే ఆ ఫిర్యాదే బాగా కుదిరింది మరి.