బైబిల్లోని ప్రకటన గ్రంథం 3:10 గురించి నా పోస్టులో సవరణ

మొన్న ఆదివారం పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి, సరిచేస్తున్నాను.

ఒకటి, "శోధన కాలములో నేనును నిన్ను కాపాడెదను" అని యేసు అన్న మాట స్ముర్న అనే ఊరి క్రైస్తవ సంఘానికి చెప్పినట్టు రాశాను. కాదు, అది ఫిలదెల్ఫియ సంఘానికి. స్ముర్నకు చెప్పింది పది దినాల శ్రమ వస్తుందని, మరణం వరకు నమ్మకంగా ఉండమని.

రెండోది పెద్ద తప్పు. ఆ వచనం చూపించి, విశ్వాసికి ఆ శోధన రోజుల్లో ఏ దెబ్బా తగలదని తేల్చేశాను. అది చదివి నరసాపురం నుంచి ఒక పిన్నిగారు ఫోన్ చేసి, "1996 తుఫానులో మీ బాబాయి పోయారు, ఆయనకి విశ్వాసం లేదంటావా అబ్బాయ్?" అన్నారు. నాకు మాట రాలేదు. ఆ రాత్రి నీళ్లలో నానిన బాబాయి బైబిల్ ఆమె దగ్గర ఇంకా ఉంది, చివరి పేజీలు అట్టలా అతుక్కుపోయి ఉంటాయి. పిన్నీ, నన్ను క్షమించండి.

మన తెలుగు బైబిల్లో ఉన్నది "కాలములో" అని. గ్రీకులో ఉన్న 'ఎక్' అనే పదానికి "లోనుండి బయటికి" అని అర్థం, అందుకే లోకాంతపు శ్రమలకు ముందే పరలోకానికి ఎత్తబడతామని కొందరు, శ్రమల మధ్యే కాపాడతాడని కొందరు అంటారు. అయితే యోహాను 17:15లో యేసు అదే 'కాపాడు' అనే క్రియ, అదే 'ఎక్' పదం వాడి, తన శిష్యుల గురించి, వీళ్లను లోకం నుంచి తీసుకుపొమ్మని అడగడం లేదు, దుష్టుడి నుంచి కాపాడమంటున్నాను అని ప్రార్థించాడు. నేను ఇప్పుడు రెండో అర్థం వైపే ఉన్నాను. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్ని కూడా పంపండి.