మావయ్య గారి దగ్గు, మా అందరి నిద్ర

దగ్గు మందు కనిపెట్టింది దగ్గేవాళ్ళ కోసం అని చాలామంది అనుకుంటుంటారు, అమాయకులు. పదహారేళ్ళు అల్లుడిగా సర్వీసు చేసిన అనుభవంతో చెప్తున్నా, దగ్గు మందు పక్క గదిలో పడుకున్నవాళ్ళ కోసం. దగ్గేవాడు ఊరికే తాగి పెట్టేవాడు, అంతే.

అసలు మన దగ్గర దగ్గుకి ఉన్న హోదానే వేరు. మా తాతగారు వంటింటి వైపు వస్తుంటే వసారాలోనే ఒక దగ్గు దగ్గేవారు, లోపల కోడళ్ళు కొంగు సర్దుకునేవాళ్ళు, అప్పుడు లోపలికి అడుగు పెట్టేవారు. కాలింగ్ బెల్ రాకముందు కాలింగ్ బెల్ అదే. అలాంటి దగ్గు ఇప్పుడు అపార్ట్‌మెంట్లలోకి వచ్చి పడి, రాత్రి రెండింటికి గోడ అవతలివాళ్ళకి కూడా వినపడి, జబ్బు అనే చెడ్డపేరు తెచ్చుకుంది.

మా మావయ్య గారు సంక్రాంతికి వచ్చారు. పండగ వెళ్ళిపోయింది, మావయ్య గారు ఉన్నారు, ఆయనతో పాటు వచ్చిన దగ్గు కూడా ఉంది. మామూలు దగ్గు కాదు, ముందు గుర్రు గుర్రుమని ఎక్కడో లోతుల్లో మోటారు స్టార్ట్ అవుతుంది, తర్వాత తెమడ కదులుతుంది, ఆ తర్వాత ఆయన లేచి బాత్రూమ్‌కి వెళ్తారు, ఆ లోపు ఇంట్లో అందరం లేచి కూర్చుంటాం. మూడు వారాలు ఇదే వరస. అప్పుడు ఇంటిల్లిపాదీ అత్యవసర సమావేశం జరిగింది. అత్తయ్య గారు కరక్కాయ బుగ్గన పెట్టుకోమన్నారు. రాజమండ్రి పిన్ని వాట్సాప్‌లో నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టింది, మిరియాలు, శొంఠి, తాటిబెల్లం, మధ్యలో వాళ్ళ కోడలి మీద రెండు కంప్లైంట్లు. బావమరిది ఏదో సిరప్ పేరు పంపాడు. పై ఫ్లోర్ ఆయన స్పూన్ బ్రాందీ అన్నాడు, అన్నాక మా ఆవిడ మొహం చూసి కిందకి వెళ్ళిపోయాడు, ఆయన ఇల్లు పైన అని కూడా మర్చిపోయి. ఇంతమందిలో ఒక్కరు కూడా మావయ్య గారిని ఏమీ అడగలేదు, ఎందుకంటే ఆయన ఉత్త దగ్గేవారు మాత్రమే కదా, ఆయనకేం తెలుస్తుంది.

ఈలోపు ఫ్రిజ్ డోర్‌లో ఒక సీసా బయటపడింది. ప్రతి తెలుగు ఇంటి ఫ్రిజ్ డోర్‌లోనూ ఇది ఉంటుంది, కెచప్‌కీ, ఎప్పటిదో తెలియని అల్లం పేస్టుకీ మధ్యలో. మూత చుట్టూ పంచదార పాకం గట్టిపడి ఒక కిరీటంలాగా తయారైంది, దానికి రెండు చీమలు అతుక్కుని చనిపోయి ఉన్నాయి, బహుశా దగ్గు తగ్గి. ఎక్స్‌పైరీ డేట్ చెరిగిపోయింది కాబట్టి ఎక్స్‌పైర్ అవ్వలేదనే లెక్క.

ఇక కొలత. లేబుల్ మీద ఎమ్‌ఎల్ అని రాస్తారు గానీ మనకి కొలమానం మూత. మూత పోతే టీ స్పూను. నేను కొంచెం చాదస్తం మనిషిని కాబట్టి పిల్లాడి మందు సిరంజితో నీళ్ళు పోసి ఇంట్లో స్పూన్లు అన్నీ కొలిచాను, స్టీలు స్పూను 3 ఎమ్‌ఎల్ పట్టింది, పెళ్ళి సామానులో వచ్చింది సరిగ్గా 5, ఏదో హోటల్ నుంచి పొరపాటున మాతో పాటు వచ్చేసిన స్పూను 7 దాటింది. అంటే మూడూ "ఒక స్పూనే", కానీ ఒకదానికి ఇంకోటి రెట్టింపు. ఈ విషయం నేను సభలో ప్రవేశపెడితే అత్తయ్య గారు "అల్లుడు గారికి ఆఫీసులో పని తక్కువనుకుంటా" అన్నారు మా ఆవిడతో, నాకు వినపడేలా. ఆవిడ ఏ స్పూనూ లేకుండా సీసా ఎత్తి "రెండు గుక్కలు" ఇచ్చారు.

ఆ సీసా రెండు రోజుల్లో అయిపోయింది, నన్ను మెడికల్ షాపుకి తోలారు. కౌంటర్‌లో కుర్రాడు ఫోన్ చూసుకుంటూనే "పొడి దగ్గా తెమడ దగ్గా సార్" అన్నాడు. ఈ దేశంలో వైద్యం మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీద నడుస్తోంది, దానికి కూడా మనం సరిగ్గా చెప్పం. నేను "రాత్రి దగ్గు" అన్నాను. వాడు ఒక సీసా ఇచ్చాడు. దాని మీద ఎర్ర గీత ఉంది, డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలి అని ఇంగ్లీషులో రాసి ఉంది, ఇద్దరం ఆ గీతని డిజైన్‌లో భాగంగా గౌరవించాం.

ఇంటికొచ్చి చూస్తే అసలు కథ తెలిసింది. పాత సీసాలో ఉన్నది డెక్స్‌ట్రోమెథార్ఫాన్, అది మెదడులో దగ్గు పుట్టించే కేంద్రానికి జోల పాడుతుంది, పొడి దగ్గుకి వాడేది. కొత్త సీసాలో ఆంబ్రోక్సాల్, అది చిక్కగా అతుక్కున్న తెమడని పల్చన చేస్తుంది, పల్చనైంది బయటికి రావాలంటే మనిషి దగ్గాలి. అత్తయ్య గారు బావమరిది చెప్పిన సీసా కూడా తెప్పించి, అది మళ్ళీ జోల పాడే రకమే, పొద్దున ఇది, రాత్రి అది అని టైమ్‌టేబుల్ వేశారు. అంటే పొద్దున బావి తవ్వుతాం, రాత్రి పూడుస్తాం. లోపల కరిగిన తెమడ బయటికి రాలేక అక్కడే కాపురం పెడుతుంది. మనల్ని మనం మరీ తిట్టుకోనక్కర్లేదు, కంపెనీలు ఈ రెండు పనులూ ఒకే సీసాలో పెట్టి ఏళ్ళ తరబడి అమ్ముకున్నాయి, బ్రేకూ యాక్సిలరేటరూ ఒకే పెడల్‌కి కట్టినట్టు. 2023 జూన్‌లో కేంద్రం 14 కాంబినేషన్లు నిషేధిస్తే అందులో డెక్స్‌ట్రోమెథార్ఫాన్, తెమడని పల్చన చేసే బ్రోమ్‌హెక్సిన్ కలిపినవి కూడా ఉన్నాయి.

బ్రోమ్‌హెక్సిన్ అంటే గుర్తొచ్చింది, దాని తాత మన ఊళ్ళో చేల గట్ల మీద ఉంటాడు. అడ్డసరం మొక్క. అందులో ఉండే వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకుని బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు, ఆ బ్రోమ్‌హెక్సిన్ ఒంట్లో విరిగి అయ్యేది ఆంబ్రోక్సాల్. ఇది చెప్పగానే పిన్ని ఇంకో వాయిస్ మెసేజ్, "నే చెప్పలా, అన్నీ మనవే". నిజమే, అన్నీ మనవే, కొలత ఒక్కటే మనది కాదు.

ఇక్కడ ఒక్క నిమిషం వెటకారం పక్కన పెడతాను. ఎదురింటి పాప, పద్దెనిమిది నెలలు, ముక్కు కారుతూ ఖళ్ళు ఖళ్ళుమంటుంటే అత్తయ్య గారు "పెద్దాయనకి మూత, పిల్లకి పావు మూత" అని లేచారు, మా ఆవిడ సీసా లాక్కుంది. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు, కిడ్నీలు ఆగిపోయి, ఒంటేలు రావడం ఆగిపోయి. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం దొరికింది, ఉండొచ్చన్న హద్దు 0.1. ఫ్యాక్టరీల్లో వాడే సరుకు అది, సిరప్‌లో పడాల్సిన మంచి ద్రావకంలాగే తియ్యగా చిక్కగా ఉంటుంది, చవక. 1937లో అమెరికాలో ఇదే విషం వంద మందికి పైగా చంపింది, 2022లో గాంబియాలో దాదాపు డెబ్భై మంది పిల్లల్ని. ఛింద్వారా తర్వాత కేంద్రం రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు అంది, ఐదేళ్ళ లోపు కూడా మామూలుగా వద్దంది. ఏడాది లోపు పిల్లలకి తేనె కూడా నాకించకూడదు, అది మన పెద్దవాళ్ళకి చెప్పి చూడండి, తెలుస్తుంది.

సరే, మావయ్య గారి దగ్గరికి వద్దాం. నాలుగో వారం మా ఆవిడ ఎవరికీ చెప్పకుండా ఆయన్ని గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది, నేను డ్రైవర్‌గా. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ, మొదటి ప్రశ్న ఏ సిరప్ అని కాదు, "ఎన్ని వారాలైంది?" అంది. మూడు దాటిందంటే, రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాలి పెద్దాయనా, ఇక్కడ ఫ్రీయే అంది. ఇంటికొచ్చి టీబీ అనే మాట అనగానే అత్తయ్య గారు ఇల్లంతా పసుపు నీళ్ళు చల్లినంత పని చేశారు, మా వంశంలో అలాంటివి లేవన్నారు. పొద్దున్నే పళ్ళు తోమకముందు, నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి తెచ్చిన తెమడ ఆ డబ్బాలో పట్టమన్నారు. మావయ్య గారు మొహమాటస్తులు కదా, మొదటి రోజు మర్యాదగా ఉమ్మి పట్టి ఇచ్చారు, ల్యాబ్ అతను డబ్బా వెలుగులో పెట్టి చూసి వెనక్కి పంపేశాడు. ముప్ఫై ఏళ్ళు హెడ్‌మాస్టర్‌గా చేసిన మనిషి ఒక పరీక్షలో ఫెయిలవ్వడం అదే మొదటిసారి. రెండోసారి పాసయ్యారు, టీబీ లేదు.

డాక్టరమ్మ ఆయన వేసుకునే బిళ్ళలన్నీ టేబుల్ మీద పరిపించింది. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ బిళ్ళలు కొంతమందికి పొడి దగ్గు తెస్తాయట, అలాగని మన అంతట మనం ఆపేయకూడదట, ఈయనవి అవి కాదులెండి. కడుపులో పుండు ఎప్పుడైనా వచ్చిందా, ఆయాసం ఉందా, జలుబు బిళ్ళలు కూడా వేసుకుంటున్నారా, సిరప్‌లో ఉన్న మందే అందులోనూ ఉంటే డబుల్ అయిపోతుంది, అని ఒక్కొక్కటీ అడిగింది. చివరికి "సిగరెట్ ఎన్నేళ్ళు?" అంది. "మానేశానమ్మా" అన్నారు మావయ్య గారు. ఆవిడ ఎక్స్‌రే వైపు, ఊది చూసే పరీక్ష కాగితం వైపు చూసి మళ్ళీ ఆయన వైపు చూసింది. రోజూ సాయంత్రం ఆయన వెళ్ళే వాకింగ్ సరిగ్గా పాన్ షాపు దాకానే ఎందుకు ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. తెలిసినా అల్లుడు నోరెత్తకూడదు.

ఇన్‌హేలర్ రాసింది, దాంతో పాటు ఎసిటైల్‌సిస్టీన్ అని నీళ్ళలో వేస్తే పొంగే బిళ్ళ, ఇదీ తెమడని పల్చన చేసే రకమే. అర గ్లాసు నీళ్ళలో కరగ్గానే తాగెయ్యాలి, దాచుకోకూడదు. ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, ఆయాసం ఎక్కువైనా ఆపేసి రావాలి, తెమడలో రక్తం పడితే వెంటనే రావాలి. బిళ్ళలో సోడియం ఉంటుంది, బీపీ మనిషి కదా కూరల్లో ఉప్పు తగ్గించండి అంది. తర్వాత అసలు మాట చెప్పింది, "మొదట్లో తెమడ ఎక్కువ పడుతుంది, దగ్గనివ్వండి, ఆపకండి."

దగ్గనివ్వాలట! డబ్బులిచ్చి కొన్న మందు దగ్గు పెంచుతుందట! ఇంట్లో మళ్ళీ సమావేశం. రెండు సిరప్‌లతో ఎంత హాయిగా పడుకున్నాం అని బావమరిది ఫోన్‌లో బాధపడ్డాడు, వాడు ఉండేది డల్లాస్‌లో. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని పిన్ని హెచ్చరించింది, సిగరెట్ గురించి మాత్రం ఎవరూ అలాంటి హెచ్చరిక చేసినట్టు రికార్డుల్లో లేదు.

ఆ రాత్రి బిళ్ళ గ్లాసులో వేశాం. బుస్సుమని పొంగింది, ఆ వెంటనే వంటిల్లంతా కుళ్ళిన కోడిగుడ్డు వాసన, ఆ మందులో గంధకం ఉంటుంది కాబట్టి అంతే. మూడు తరాలుగా గుడ్డు గడప తొక్కని ఇల్లు మాది. అత్తయ్య గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దేవుడి గది తలుపేశారు. మావయ్య గారు సగం తాగి, ఇంక నావల్ల కాదు అని పెట్టేశారు.

పొద్దున పాలు తీద్దామని ఫ్రిజ్ తెరిస్తే డోర్‌లో, కెచప్ పక్కన, చిన్న ప్లేటు మూత పెట్టి, మిగిలిన సగం గ్లాసు ఉంది.