హిట్ పాట లేని ఆల్బమ్‌నే మొత్తం వినాలి

పాటల యాప్ స్పాటిఫైలో ఒక పాటను 30 సెకన్లు వింటే చాలు, అది లెక్కలో పడిపోతుంది. ఆ తర్వాత ఉన్నామా, పోయామా అన్నది ఎవరికీ పట్టదు. 2021లో బ్రిటిష్ గాయని అడెల్ అడిగారని అదే స్పాటిఫై ఆల్బమ్ పేజీల్లో షఫుల్‌ను, అంటే పాటల వరుసను కలగలిపే బటన్‌ను, పక్కకు జరిపి, పాటల్ని వరుసగా ప్లే చేయడం మొదలుపెట్టింది. ఆమె స్థాయి స్టార్ కాబట్టి మాట చెల్లింది. కానీ వరుస చెదిరితే అసలు దెబ్బ తినేది అలా అడిగే పలుకుబడి లేనివాళ్లు. పెద్దగా పేరు రాని ర్యాపర్లు చేసిన ఆల్బమ్‌లు ముఖ్యంగా.

పేరున్న ఆల్బమ్ దగ్గరికి మనం ఖాళీ చెవులతో వెళ్లం. రెండు పాటలు ముందే తెలిసుంటాయి. అవి ఎప్పుడొస్తాయా అని చూస్తూ మిగతావి దాటేస్తాం. హిట్ లేని ఆల్బమ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఎదురుచూడడానికి ఏమీ ఉండదు కాబట్టి ప్రతి పాటకూ సమానంగా చెవి ఇవ్వాల్సిందే. నన్నడిగితే, తెలియని ఆల్బమ్‌తో ఉన్న పెద్ద లాభం ఇదే.

1999లో ప్రొడ్యూసర్ ప్రిన్స్ పాల్ చేసిన ‘ఎ ప్రిన్స్ అమాంగ్ థీవ్స్’ చూడండి. పదేళ్ల ముందు డి లా సోల్ అనే ర్యాప్ గ్రూప్ తొలి ఆల్బమ్‌ను ప్రొడ్యూస్ చేసి, పాటల మధ్య స్కిట్లు, అంటే చిన్న మాటల సన్నివేశాలు, పెట్టే అలవాటుకు ఊపు తెచ్చింది ఈయనే. ఇక్కడ ఏకంగా ఒక సినిమా కథనే చెవులతో చూపించారు. తారిక్ అనే కుర్రాడికి ఒక పెద్ద గ్రూప్‌ను కలిసే అవకాశం వస్తుంది. వాళ్లకు వినిపించే డెమో రికార్డింగ్ పూర్తి చేయడానికి వెయ్యి డాలర్లు కావాలి, చేతిలో వారమే ఉంది. ట్రూ అనే స్నేహితుడు మత్తుమందుల దారి చూపిస్తాడు. ఆయుధాలమ్మేవాడుగా కూల్ కీత్, అవినీతి పోలీసుగా ఎవర్‌లాస్ట్ అనే ర్యాపర్లు వచ్చి పోతారు. ట్రూ సాయం వెనుక అతని లెక్కలు అతనికున్నాయని మెల్లమెల్లగా తెలుస్తుంది.

దీన్ని షఫుల్‌లో వేస్తే ముందు ద్రోహం వస్తుంది, తర్వాత స్నేహం వస్తుంది. ప్లేలిస్ట్‌లో చిరాకు పుట్టించే స్కిట్లే ఇక్కడ కథను మోస్తాయి. వాటిని తీసేస్తే మిగిలేది ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియని పాటల పోగు.

కథ లేకపోయినా ఇదే వర్తిస్తుంది. బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్ నుంచి వచ్చిన కా అనే ర్యాపర్, న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో కెప్టెన్‌గా పనిచేస్తూనే తన ఆల్బమ్‌లు తానే విడుదల చేసుకున్నారు. 2013 నాటి ‘ది నైట్స్ గ్యాంబిట్’ నిండా చదరంగం, 2016లో సమురాయ్‌లు, 2020 నాటి ‘డిసెండెంట్స్ ఆఫ్ కెయిన్’లో బైబిల్. గొంతు దాదాపు గుసగుస. చాలాచోట్ల డ్రమ్స్ ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి. 30 సెకన్ల పరీక్ష పెడితే ఫెయిలే. నాలుగైదు పాటలయ్యాక గానీ ఆ నెమ్మది మనకు పట్టుబడదు. ఆ తర్వాత ఒక్కో పావు కదిలినట్టు ఒక్కో లైనూ వినపడుతుంది. 2024 అక్టోబర్‌లో, 52 ఏళ్లకే ఆయన పోయారు.

అంత మంచివైతే ఎందుకు తెలియలేదని అడగొచ్చు. తెలియకపోవడానికి నాణ్యతతో సంబంధం లేని కారణాలు బోలెడు. కేఎండీ అనే ర్యాప్ గ్రూప్ ‘బ్లాక్ బాస్టర్డ్స్’ను తయారు చేస్తుండగా 1993లో సభ్యుడు సబ్‌రాక్ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. నల్లవారిని వెక్కిరించే పాత సాంబో బొమ్మను ఉరితీస్తున్నట్టు వేసిన కవర్ మీద గొడవ రేగడంతో 1994లో ఎలెక్ట్రా కంపెనీ ఆల్బమ్‌ను పక్కన పడేసింది. అది అధికారికంగా బయటికి రావడానికి ఏళ్లు పట్టింది. సబ్‌రాక్ అన్నే తర్వాత ముసుగు వేసుకుని ఎంఎఫ్ డూమ్ అనే పేరున్న ర్యాపర్ అయ్యాడు. పాత పాటల ముక్కలు వాడుకునే శాంపిల్ హక్కుల చిక్కు మరో కథ. డి లా సోల్ అంతటి గ్రూప్ తొలినాళ్ల ఆల్బమ్‌లే 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌కు రాలేదంటే చిన్నవాళ్ల సంగతి చెప్పాలా?

వెతకడానికి నేను యాప్ సిఫార్సుల్ని నమ్మను. అవి ఒకేలా వినిపించేవాటిని తెచ్చిపెడతాయి. ఆల్బమ్‌లో ఎవరేం చేశారో చెప్పే క్రెడిట్స్ అయితే మనుషుల్ని చూపిస్తాయి. తారిక్ గొంతు నచ్చితే, అది బ్రీజ్ బ్రూయిన్‌ది; అతని గ్రూప్ జగ్గనాట్స్ దగ్గరికి వెళ్లొచ్చు. రన్ ది జ్యువెల్స్ అనే ర్యాప్ జంట తెలిసినవాళ్లు అందులోని ఎల్-పీ వెంట వెనక్కి నడిస్తే 1997లో ఆయన పాత గ్రూప్ కంపెనీ ఫ్లో చేసిన ‘ఫన్‌క్రషర్ ప్లస్’, 2001లో ఆయన ప్రొడ్యూస్ చేసిన కానిబాల్ ఆక్స్ ‘ది కోల్డ్ వెయిన్’ తగులుతాయి. ఈ రెండోది ఒకే చలికాలంలో, ఒకే నగరంలో తిరిగినట్టుంటుంది. మధ్యలో ఆపితే సగం దారిలో దిగిపోయినట్టే.

అలాగని మొత్తం వినడం వ్రతమేమీ కాదు. సీడీలో గంటకు పైగా చోటుంది కదా అని తొంభైల్లో కుక్కి నింపిన ఆల్బమ్‌లు చాలా ఉన్నాయి. వాటికి సగంలోనే దండం పెట్టేయొచ్చు. ఇదంతా చూసి భయం వేస్తే 2005లో ఎడన్ చేసిన ‘బ్యూటీ అండ్ ది బీట్’తో మొదలుపెట్టండి, అరగంట దాటగానే అయిపోతుంది. స్లాంగ్ అర్థం కాలేదని మొదటిసారే లిరిక్స్ తెరవకండి. ముందు గొంతును, బీట్‌ను పట్టుకోండి, రెండోసారికి మాటలు చదువుకోవచ్చు.