నాలుగు చీటీలు, ఒకే జబ్బు

మా చిన్నాన్నకు ఎడమ చెవి దిబ్బడ వేసింది. చుక్కల మందు రాశారు. కొన్నాళ్లకు అదే వైపు మెడ మీద, చెవికి కాస్త కింద, బిళ్ల కట్టింది. నొప్పి లేదు. ముక్క తీసి పరీక్షించకుండానే క్షయ అన్నారు, మాత్రలు మొదలయ్యాయి. పొద్దున్నే కాండ్రించి ఉమ్మితే నెత్తుటి చార కనిపించేది. వేడి చేసిందని పిన్ని మజ్జిగ ఇచ్చింది. తలనొప్పి వస్తే సైనస్ అని ఇంకొకరు తేల్చారు. చివరికి ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నాడంటే కంటి డాక్టరు కళ్లద్దాలు మార్చమన్నారు. దగ్గరుండి మార్పించింది నేనే.

నాలుగు చీటీలు పోగయ్యాయి. జబ్బు మాత్రం ఒక్కటే. ముక్కు వెనక, కొండనాలుక పైన, నేసోఫారింక్స్ అనే చోట పుట్టిన క్యాన్సర్.

చెవి నుంచి వచ్చే సన్నటి గొట్టం అక్కడే తెరుచుకుంటుంది. గడ్డ దాన్ని మూసేస్తే కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. బయటి నుంచి ఎన్ని చుక్కలు పోసినా ఏం లాభం? చాలామందిలో మొదట బయటపడేది మెడ బిళ్లే. గడ్డ పైకి పాకి పుర్రె అడుగును తాకితే కంటిని పక్కకు తిప్పే ఆరో నరం దెబ్బతింటుంది, అందుకే ఒకటి రెండుగా కనిపిస్తుంది. ఐదో నరం దెబ్బతింటే చెంప మొద్దుబారుతుంది. అంటే మేము అద్దాలు మార్చేనాటికి అది చాలా దూరం వెళ్లిపోయింది.

అరుదైన జబ్బండీ, ఎవరు ఊహిస్తారు అంటారు. నిజమే, ఇది దక్షిణ చైనాలో ఎక్కువ. మన దేశంలో నాగాలాండ్, మణిపూర్ వంటి ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. హాంకాంగ్‌లో ఏ లక్షణమూ లేని 20 వేల మందికి పైగా మగవాళ్ల రక్తంలో ఈ జబ్బుతో ముడిపడిన ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ డీఎన్‌ఏ కోసం వెతికి 34 మందిలో ఈ క్యాన్సర్‌ను పట్టుకున్నారు, ఎక్కువ మందిలో తొలి దశలోనే. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. అక్కడ లక్షణాలు రాకముందే వెతికారు. ఇక్కడ ఒకదాని వెనక ఒకటి వస్తున్నా కలిపి చూసినవారు లేరు. పైగా ఇది రేడియేషన్‌కు బాగా లొంగే క్యాన్సరట! ఆ మాట విన్నాకే నాకు ఒళ్లు మండింది.

పెద్దవాళ్లకు ఒకే చెవి దిబ్బడ వేసి తగ్గకపోతే ముక్కులోంచి కెమెరా గొట్టం పెట్టి చూడమని అడగండి. కొద్ది నిమిషాల పని. మెడ బిళ్లకు క్షయ మందులు రాస్తే ఏ పరీక్షలో తేలిందని అడగండి. డాక్టరు గారు విసుక్కుంటారేమో, విసుక్కోనివ్వండి. మా చిన్నాన్న మీద ఎవరూ విసుక్కోలేదు. నలుగురూ ఎంతో మర్యాదగా చీటీ రాసి పంపారు.