సాగర్‌లో పూడిక, సముద్రతీరంలో కోత

సాగర్ గేట్లు ఎత్తారంటే నల్గొండ జిల్లాలో పండగే. 26 గేట్ల నుంచి దూకే నీళ్లను చూడటానికి పిల్లాపాపలతో బయల్దేరతాం. ఆ నీళ్లతో పాటు పోవాల్సిన ఇసుక మాత్రం డ్యామ్ వెనకే ఉండిపోతుంది.

నాగార్జునసాగర్ కట్టినప్పటి నిల్వ సామర్థ్యం 408 టీఎంసీలు, ఇప్పుడు 312. శ్రీశైలం 308 నుంచి 215కు పడిపోయింది. మనం దీన్ని పూడిక అంటాం, ఆయకట్టుకు నష్టమని బాధపడతాం. బాధ నిజమే. కానీ ఆ మన్నూ ఇసుకా కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా చేరాల్సినవి. కృష్ణా డెల్టాను పెంచింది అవే. అవి తగ్గిపోయాక డెల్టా అంచును సముద్రం అక్కడక్కడా కోసేస్తోంది.

కోత పడితే మనకు మొదట తోచేది బండరాళ్లు పోయడం. పుదుచ్చేరిలో అదే చేశారు. 1980ల చివర్లో అక్కడ హార్బర్ కోసం సముద్రంలోకి రాతిగట్లు కట్టారు. తూర్పు తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. గట్టు అడ్డం పడేసరికి దక్షిణాన మేట వేసింది, ఉత్తరాన బీచ్ మాయమైంది. రోడ్డును కాపాడటానికి రాళ్లు పోస్తే, కోత ఇంకా ఉత్తరాన ఉన్న మత్స్యకారుల పల్లెల మీద పడింది. చివరికి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2018లో నీటి అడుగున రీఫ్ (అలలను అడ్డుకునే దిబ్బ లాంటిది) కట్టి అలల జోరు తగ్గించింది. హార్బర్‌లో తవ్విన ఇసుకను తీరానికి చేర్చారు. బీచ్ తిరిగొచ్చింది. హార్బర్‌నూ తీరాన్నీ కలిపి చూశాకే అది సాధ్యమైంది.

తీరాన్ని ముక్కలుగా కాక మొత్తంగా చూసుకోవడాన్ని సమగ్ర తీర నిర్వహణ అంటారు. నా దృష్టిలో అది ఇదే. అయితే మన తీర నియంత్రణ నిబంధనలు (1991లో వచ్చాయి, 2011లో, 2019లో మారాయి) నదుల్లో సముద్రపు పోటు నీళ్లు వచ్చేంత మేరకే చూస్తాయి. ఇసుక ప్రయాణం అంతకు ఎంతో పైన, మన పాలమూరులో, నల్గొండలో, ఇంకా ఎగువన మొదలవుతుంది.

డ్యాములు వద్దని నేను అనను. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన మర్రిగూడ పల్లెలను చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. కానీ కృష్ణలో కలిసే దుందుభి, మూసీ నదుల్లో మిగిలిన ఇసుకనైనా లారీలకెత్తకుండా ఆపగలం. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలోకి తెచ్చే ఇసుక, దిగువనున్న పులిచింతల డ్యాములో ఆగిపోకుండా, వరద రోజుల్లో కిందికి ఎంత పంపగలమో ఇంజినీర్లు పరీక్షించి చూడాలి. కేంద్ర జల సంఘం కృష్ణా మీద నీటితో పాటు ఒండ్రునూ కొలుస్తోంది. కృష్ణా నది యాజమాన్య బోర్డులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ టీఎంసీల కోసం వాదించుకునే రోజున ఆ లెక్కలు కూడా బల్ల మీద ఉండాలి.