పాల్మైరాకో న్యాయం, టైర్‌కో న్యాయమా?

లెబనాన్‌లోని 34 వారసత్వ స్థలాలకు యునెస్కో 2024 నవంబరులో ప్రత్యేక రక్షణ ప్రకటించింది. అందులో తీరప్రాంత ప్రాచీన నగరం టైర్ కూడా ఉంది. సంతోషమే. కానీ అక్టోబరు 23న ఇజ్రాయెల్ విమానాలు ఆ శిథిలాలకు కొన్ని వందల మీటర్ల దూరంలో ఇళ్లు కూల్చాక, దాదాపు నెలకు వచ్చిన రక్షణ ఇది. పైగా యుద్ధంలో వారసత్వ సంపదను కాపాడే 1954 హేగ్ ఒప్పందానికి 1999లో చేర్చిన రెండో ప్రొటోకాల్ (అనుబంధ ఒప్పందం) కింద ఇచ్చింది. అందులో ఇజ్రాయెల్ చేరనే లేదు. దానికి బాంబులు సరఫరా చేసే అమెరికా కూడా చేరలేదు. మరి ఈ రక్షణ ఎవరి నుంచి?

టైర్ ఒకప్పుడు దీవి. నత్తల నుంచి తీసిన ఊదా రంగును రాజులకు అమ్మి బతికిన ఫినీషియన్లనే ప్రాచీన సముద్ర వ్యాపారుల రేవు. బాబిలోన్ రాజు నెబుకద్నెజర్ 13 ఏళ్లు ముట్టడించినా బలంతో పట్టుకోలేకపోయాడు. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ తీరాన ఉన్న పాత ఊరి రాళ్లు పీకించి సముద్రంలో కట్ట పోయించాడు. ఏడు నెలలకు గానీ లోపలికి అడుగుపెట్టలేదు. ఆ కట్టకు ఇసుక మేటలు వేసి దీవి కాస్తా నేలతో కలిసిపోయింది. ఇప్పుడు టైర్‌లోని అల్ బాస్ ప్రాంతంలో రోమన్ రోడ్డు పక్కన చెక్కడాల రాతి శవపేటికలు, విజయతోరణం, రథాల పందేల మైదానం కనిపిస్తాయి. ఆ పక్కనే పాలస్తీనా శరణార్థుల శిబిరం. అక్కడ మనుషులకే దిక్కు లేనప్పుడు రాళ్ల గోలేమిటని అడగొచ్చు. రెంటి మీదా పడేది ఒకే బాంబు.

లెబనాన్ సాయుధ సంస్థ హెజ్బొల్లా ఊళ్లోనే ఉందని, ముందే హెచ్చరించామని ఇజ్రాయెల్ అంది. శిథిలాల చాటున ఎవరు ఆయుధాలు దాచినా తప్పే. అంతమాత్రాన 1954 హేగ్ ఒప్పందంలో చేరిన దేశం బాధ్యత తీరిపోదు.

2001లో అఫ్గానిస్థాన్‌లోని బామియన్ బుద్ధ విగ్రహాలను తాలిబన్లు పేల్చేస్తే అనాగరికమన్నారు. 2015లో సిరియాలోని ప్రాచీన నగరం పాల్మైరా గుళ్లను ఐసిస్ కూల్చితే యుద్ధనేరమన్నారు. మాలి దేశంలోని టింబక్టులో చారిత్రక సమాధులను కూల్చిన కేసులో 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఒకడికి 9 ఏళ్ల జైలు వేసింది. మంచి పనే చేసింది. టైర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవే నోళ్లు 'ఆందోళన' దగ్గరే ఆగిపోయాయి. అక్కడ కావాలనే కూల్చారు, ఇక్కడ రాళ్లకు గురిపెట్టలేదు కదా అంటారు. గురి తప్పితే ఎవరు జవాబుదారీ? డైనమైట్ పెడితే నేరం, పక్క వీధిలో బాంబు వేస్తే ఆత్మరక్షణా? ఈ లెక్క ఒకసారి చెల్లితే రేపు ప్రతి సైన్యమూ ఇదే చూపిస్తుంది.

వాషింగ్టన్, టెల్ అవీవ్ ముందు ఆ ప్రొటోకాల్ మీద సంతకం పెట్టాలి. నాగరికత గురించి లోకానికి పాఠాలు ఆ తరవాత చెప్పొచ్చు.