తాళం పడకముందే మాట్లాడుకోవాలి

మార్చి నెలలో ఇక్కడ అమెరికాలో మా డాక్టరు గారి క్లినిక్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. జూన్ 30తో క్లినిక్ మూసేస్తున్నామని, మా రికార్డులు ఎవరికి పంపాలో చెప్పమని ఇంగ్లీషులో టైపు చేసిన రెండు పేరాలు. సంతకం కింద మాత్రం బాల్ పెన్నుతో తెలుగులో ఒక వాక్యం రాసి ఉంది. "అమ్మగారిని మంచం మీంచి ఒక్కసారిగా లేవనివ్వకండి. ఒక నిమిషం కూర్చోబెట్టి, అప్పుడు లేపండి."

ఆ వాక్యం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా వీధిలోనే ఇంకో రెండిళ్ళకి అదే ఉత్తరం వచ్చింది. వాటి కింద వేరే వాక్యాలున్నాయి. ఎన్ని వందల ఉత్తరాల మీద అలా చేత్తో రాశారో ఆయన్ని అడగలేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆయనే మా ఇంటి డాక్టరు. సొంత క్లినిక్. ఒక నర్సు, ఫ్రంట్ డెస్క్‌లో ఒకావిడ, బిల్లింగ్ చూసుకునే ఆయన భార్య, అంతే. మా అమ్మ విషయంలో జరిగిన ఒక్క సంగతి చెప్తాను. ఎనిమిదేళ్ళ కిందట అమ్మ మూడు రోజులుగా ఛాతీ మీద చెయ్యేసుకుని "గ్యాస్ పట్టేసింది" అంటోంది. ఇంట్లో ఉన్న మాత్రలేవో వేశాం. నాలుగో రోజు తనే "ఒకసారి డాక్టరు బాబుకి చూపించు" అంది.

ఆయన అడిగారు. "ఎప్పుడు పడుతోందమ్మా? తిన్నాకా, నడిచినప్పుడా?"

"మెట్లెక్కితే."

"కూర్చుంటే?"

"పోతుంది బాబూ. అందుకే గ్యాసంటున్నా."

ఆయన పెన్ను పక్కన పెట్టేశారు. అక్కడే ఈసీజీ తీశారు. అందులో పెద్దగా తేడా ఏమీ కనపడలేదు. అయినా నాతో ఒక మాటన్నారు. "ఇన్నేళ్ళలో ఈవిడ తనంతట తాను బాలేదని ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. ఈరోజు వచ్చారు. నాకది చాలు." మా ముందే కార్డియాలజిస్టుకి ఫోన్ చేశారు. రెండు రోజుల్లో అమ్మకి రెండు స్టెంట్లు పడ్డాయి.

ఎమర్జెన్సీలో ఫోన్ మీద దొరికే ఇంటర్‌ప్రెటర్ మంచివాడే కావచ్చు. కానీ గ్యాస్ అన్న మాటకి అతను గ్యాస్ అనే చెప్తాడు. దడ, గాబరా, నీరసం, ఒళ్ళు తూలడం, అరికాళ్ళ మంటలు అని మన పెద్దవాళ్ళు చెప్పే మాటల వెనక ఏముందో తెలియాలంటే భాష ఒక్కటే వస్తే సరిపోదు, ఆ మనిషి కూడా తెలియాలి. నార్వేలో సుమారు 45 లక్షల మంది రికార్డులు తీసి చూశారు. ఒకే ఫ్యామిలీ డాక్టరు దగ్గర 15 ఏళ్ళు దాటిన వాళ్ళలో, ఏడాదే అయిన వాళ్ళతో పోలిస్తే, మరణాలు సుమారు 25 శాతం తక్కువ. హఠాత్తుగా ఆసుపత్రిలో చేరాల్సి రావడం కూడా దాదాపు అంతే తగ్గింది. అదంతా డాక్టరు వల్లేనని ఆ లెక్క ఒక్కటే రుజువు చెయ్యదు. కానీ ఏళ్ళు పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతూ పోయింది. మా అమ్మని చూశాక నాకది ఆశ్చర్యంగా అనిపించలేదు.

రికార్డుల కోసం వెళ్ళినప్పుడు డాక్టరు గారితో అరగంట మాట్లాడాను. ఉత్తరంలో రిటైర్మెంట్ అని రాశారు, వయసు అరవై ఎనిమిది. కానీ క్లినిక్ మూయడం ఆయన కోరుకున్నది కాదు. మూడేళ్ళుగా దాన్ని అప్పజెప్పడానికి మనిషి కోసం వెతికారు, దొరకలేదు.

ఎందుకు దొరకలేదో అర్థం చేసుకోవాలంటే డబ్బు దగ్గర మొదలుపెట్టాలి. పెద్దవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. అది డాక్టర్లకిచ్చే ఫీజు ఒక గుణకం మీద నడుస్తుంది. ప్రతి పనికీ కొన్ని పాయింట్లుంటాయి, పాయింటుకి ఇంత అని కడతారు. ఆ రేటు 2001లో 38 డాలర్ల 26 సెంట్లు. 2025లో 32 డాలర్ల 35 సెంట్లు. ఈ మధ్యలో అద్దె, జీతాలు, ఇన్సూరెన్సు ఎంత పెరిగాయో మనకి తెలుసు. అదే క్లినిక్‌ని ఆసుపత్రి కొనేస్తే, చాలా చోట్ల అదే గదిలో అదే డాక్టరు చూసినా బిల్లులో ఫెసిలిటీ ఫీజు అని ఇంకో వరుస వచ్చి చేరుతుంది. చిన్న క్లినిక్‌కి ఆ వరుస లేదు.

ఇక కాగితం పని. డాక్టరు రోగితో గడిపే ప్రతి గంటకీ కంప్యూటరు ముందు, కాగితాల మీద దాదాపు రెండు గంటలు పోతున్నాయని 2016లోనే ఒక అధ్యయనం చెప్పింది. నేను వెళ్ళిన రోజు మధ్యాహ్నం ఫ్రంట్ డెస్క్ ఆవిడ స్పీకర్‌లో హోల్డ్ మ్యూజిక్ పెట్టుకుని లంచ్ బాక్సు తెరిచి కూర్చుంది. ఒక స్కాన్‌కి ప్రయర్ ఆథరైజేషన్, అంటే ఇన్సూరెన్సు కంపెనీ ముందస్తు అనుమతి కోసమట. నేను వచ్చేసేదాకా ఆ మ్యూజిక్ మోగుతూనే ఉంది, ఆవిడ బాక్సులో సగం అలాగే ఉంది. 2024 ఫిబ్రవరిలో బిల్లుల లావాదేవీలు నడిపే ఒక పెద్ద కంపెనీ మీద సైబర్ దాడి జరిగినప్పుడు వీళ్ళకి వారాల తరబడి డబ్బు రాలేదు. డాక్టరు గారు ఇంటి మీద అప్పు తీసుకుని జీతాలిచ్చారు. ఆ సంగతి నాకు ఈ మార్చిలోనే తెలిసింది.

ఇలాంటి కథలు దేశమంతా ఉన్నాయి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సర్వే ప్రకారం డాక్టర్లే యజమానులుగా ఉన్న ప్రాక్టీసుల్లో పనిచేసే డాక్టర్లు 2012లో నూటికి 60 మంది, 2024లో 42 మంది.

ఇప్పుడు మన సంగతి. గుంటూరు, విశాఖ, కర్నూలు, హైదరాబాదు మెడికల్ కాలేజీల్లో చదివి డెబ్భైల్లో, ఎనభైల్లో ఇక్కడికి వచ్చిన తరం డాక్టర్లు ఎవరూ రాని చిన్న ఊళ్ళలో బోర్డు పెట్టి నిలబడ్డారు. ఆ తరమంతా ఇప్పుడు ఒక్కసారిగా రిటైరవుతోంది. తర్వాత వచ్చిన మన పిల్లల్లో చాలామందికి సొంత క్లినిక్ మీద ఇష్టం లేదనుకుంటాం. అది సగమే నిజం. శిక్షణ కోసం జె-1 వీసా మీద వచ్చినవాళ్ళు, స్వదేశం వెళ్ళకుండా ఇక్కడే ఉండనిచ్చే కాన్రాడ్ 30 పథకం కింద మూడేళ్ళు డాక్టర్ల కొరత ఉన్న చోట పనిచేస్తారు. ఆ తర్వాత కూడా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద, గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి ఉంటారు. వీసా ఒక యజమానికి కట్టేసి ఉన్నప్పుడు సొంత క్లినిక్ కొనుక్కోవడం చాలా కష్టం. ఇక్కడే పుట్టి చదువుకున్నవాళ్ళకి ఆ అడ్డు లేదు కానీ, మెడకి లక్షల డాలర్ల స్టూడెంట్ లోన్లు ఉంటాయి.

అందుకే ఇక్కడి మన తెలుగు సంఘాలని ఒక్కటి అడుగుతున్నాను. మహాసభల్లో సీనియర్ డాక్టర్లకి శాలువాలు కప్పుతున్నాం, సంతోషం. అదే సభలో ఒక గది తీసుకుని, వచ్చే ఐదేళ్ళలో క్లినిక్ వదలాలనుకునే డాక్టర్లనీ, ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ శిక్షణలో ఉన్న పిల్లలనీ ఒక చోట కూర్చోబెట్టండి. లెక్కలు చూసే ఒక సీపీఏని, హెల్త్‌కేర్ లాయరుని, ఇమిగ్రేషన్ లాయరుని పిలవండి. క్లినిక్ చేతులు మారడం ఒక్క రోజులో అయ్యే పని కాదు. కొత్త డాక్టరు ఏడాదో రెండేళ్ళో పాతాయన పక్కన కూర్చుని అదే పేషెంట్లని చూడాలి. "ఈవిడ ఎప్పుడూ బాలేదని రాదు" లాంటి మాటలు కంప్యూటరులోకి ఎక్కవు, పక్కన కూర్చున్న మనిషికే అందుతాయి. మా డాక్టరు గారు మూడేళ్ళ ముందు వెతకడం మొదలుపెట్టారు, అది కూడా ఒంటరిగా. అదే నా బాధ.

నెలకింత అని కట్టించుకుని ఇన్సూరెన్సుతో పని లేకుండా చూసే డైరెక్ట్ ప్రైమరీ కేర్ ఒక దారి. 2026 నుంచి హెచ్‌ఎస్‌ఏ, అంటే వైద్యం కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా డబ్బుతో కూడా నెలకి 150 డాలర్ల దాకా దానికి కట్టుకోవచ్చు. ఉద్యోగాలున్నవాళ్ళకి బాగుంటుంది. మా అమ్మలాంటివాళ్ళకి ఆ నెలనెలా కట్టే డబ్బు పిల్లలు పెట్టుకోవాలి, అది అన్ని ఇళ్ళలో కుదరదు.

మనం చెయ్యగలిగినవీ ఉన్నాయి. చిన్న జ్వరానికల్లా దారిలో కనపడిన అర్జెంట్ కేర్‌కి, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్‌కి వెళ్ళి, పెద్ద జబ్బు వచ్చినప్పుడే ఇంటి డాక్టరుని గుర్తు చేసుకుంటే ఆయన క్లినిక్ నిలబడదు. వాట్సాప్ గ్రూపులో తెలిసిన డాక్టరుకి రాత్రి పదింటికి రిపోర్టు ఫొటో పంపి ఉచితంగా సలహా అడుగుతాం. నేనూ అడిగాను. ఇక అడగను. మీ క్లినిక్ కూడా మూసేస్తుంటే రికార్డులు రాతపూర్వకంగా అడగండి, చట్టప్రకారం 30 రోజుల్లో ఇవ్వాలి. పాత ఈసీజీ, స్కాన్ చిత్రాలు విడిగా అడగాలి. మందులకి రీఫిల్స్ ముందే రాయించుకోండి, కొత్త డాక్టరు దగ్గర మొదటి అపాయింట్‌మెంటుకి నెలలు పట్టొచ్చు.

అమ్మకి కొత్త డాక్టరుతో ఆగస్టులో అపాయింట్‌మెంట్ దొరికింది. ఆసుపత్రి వాళ్ళ క్లినిక్, ఇరవై నిమిషాలు ఇచ్చారు. మా రికార్డులు నాలుగు వందల పేజీలొచ్చాయి. ఆ ఇరవై నిమిషాల్లో వాటిని ఎవరూ చదవలేరు కాబట్టి ఒకే ఒక్క పేజీ నేనే ఇంగ్లీషులో రాసి పెట్టాను. మందులు, అలర్జీలు, స్టెంట్లు పడిన తేదీ. మంచం మీంచి నెమ్మదిగా లేపాలన్నది కూడా రాశాను. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో, మా అమ్మ గ్యాస్ అంటే మెట్లెక్కినప్పుడా అని అడగండి అని రాశాను.